వానా పడుతుంది, జీతమూ పడుతుంది

అనంతపురం వైపు పల్లెల్లో బోరు బండి పనిచేస్తుంటే కాసేపు నిలబడి చూడండి. ముందు రాతిపొడి దుమ్ములా లేస్తుంది, రాడ్డు మీద రాడ్డు దిగుతూనే ఉంటుంది, పొలం ఆసామి ఎన్ని అడుగులయిందో అడుగుతూ, ఎంత అప్పయిందో మనసులోనే లెక్క వేసుకుంటూ గట్టు మీద కూర్చుని ఉంటాడు. ఉన్నట్టుండి ఆ పొడి కాస్తా తడి బురదవుతుంది, ఇంకాసేపటికి కేసింగ్ పైపులోంచి నీళ్ళు మనిషెత్తు చిమ్ముతాయి. అప్పుడు అక్కడున్న వాళ్ళంతా అనే మాట ఒక్కటే, "నీళ్ళు పడ్డాయి!"

నేలలోంచి పైకి లేచిన నీళ్ళను పడ్డాయి అంటున్నారు. ఇందులో ఎవరికీ వింత కనబడదు. "400 అడుగులు వేశాం, పడలేదు" అన్నా అంతే, దేని సంగతో విడమరిచి చెప్పక్కర్లేదు.

పడు అంటే పైనుంచి కిందికి రావడం అని చిన్నప్పుడే నేర్చుకుంటాం. కానీ పొద్దున లేచింది మొదలు మన నోటి వెంట వచ్చే పడుల్లో నిజంగా కింద పడేవి ఎన్నో లెక్కపెడితే వేళ్ళ మీదే అయిపోతాయి. జీతం పడుతుంది, వికెట్ పడుతుంది, బస్సులో సీటు కోసం ఇబ్బంది పడతాం, పిల్లల పరీక్షల గురించి టెన్షన్ పడతాం, కూరగాయల బండి దగ్గర కిలో ఎంత పడుతుందని అడుగుతాం, కొత్త సినిమా రోజున బొమ్మ పడిందా అని ఫోన్ చేస్తాం, సాయంత్రం చీకటి పడుతుంది, ఆ తర్వాత మనమే పడుకుంటాం. ఇవన్నీ ఒకే క్రియ. ఒక్క మాటకు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయన్నది ఊరికే వదిలేసే ప్రశ్న కాదు, ఎందుకంటే వీటిని కలిపే దారం ఒకటి స్పష్టంగా దొరుకుతుంది.

ఆ దారం చేపల వల దగ్గర బాగా తెలుస్తుంది. జాలరి గురించి చెప్పేటప్పుడు "చేపలు పట్టాడు" అంటాం. అదే పనిని చేపల వైపు నుంచి చెబితే "వలలో చేపలు పడ్డాయి". వల ఒకటే, జరిగిందీ ఒకటే, చూసే వైపు మారింది. పడు అన్నప్పుడల్లా మనం దాదాపుగా ఆ రెండో వైపు నిలబడి మాట్లాడుతుంటాం. చేసినవాడు కనిపించడు, ఎవరికి జరిగిందో, ఎక్కడికి వచ్చి చేరిందో అదే కనిపిస్తుంది. బోరు వేయించింది రైతే, డబ్బు పెట్టిందీ రైతే, అయినా నీళ్ళు తన చేతిలో లేవు గనక అవి పడాల్సిందే.

ఇక్కడ ఒక చిక్కు విప్పుకోవాలి, లేకపోతే సగం ఉదాహరణలు తప్పుగా లెక్కలోకి వస్తాయి. పట్టు అనే క్రియ వర్తమానంలోకి, భవిష్యత్తులోకి వచ్చేసరికి అచ్చం పడు లాగే తయారవుతుంది. కొట్టు కొడుతుంది అయినట్టు, పెట్టు పెడుతుంది అయినట్టు, పట్టు కూడా పడుతుంది అవుతుంది. అందుకని "పడుతుంది" అని వినగానే అది ఏ క్రియో చెప్పలేం. తేల్చుకోవడానికి తేలికైన దారి, భూతకాలంలో పెట్టి చూడటం. "ఊరికి వెళ్ళడానికి రెండు గంటలు పడుతుంది", నిన్నటి సంగతైతే రెండు గంటలు పట్టింది. అంటే అది పట్టు. నిద్ర పడుతుంది, పట్టింది. ఇనుముకు తుప్పు పడుతుంది, పట్టింది. ఆటోలో ఎంతమంది పడతారు అంటే ఏడుగురు పట్టారు, ఎవరూ కింద పడలేదు. వాన పడుతుంది అంటే మాత్రం వాన పడింది, కిలో 60 పడుతుంది అంటే 60 పడింది. ఇవి అసలైన పడులు. తెలుగు నేర్చుకునే పరాయి రాష్ట్రాల వాళ్ళు ఈ రెంటి మధ్య తికమకపడితే వాళ్ళ తప్పేం లేదు, భాషే అక్కడ రెండు దారుల్ని ఒకచోట కలిపేసింది.

డబ్బు విషయానికి వద్దాం. నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టే రోజుల్లో జీతం ఇచ్చేవాళ్ళు, మనం తీసుకునేవాళ్ళం, లేదా చేతికి వచ్చేది. ఖాతాలు, ఫోన్ మెసేజ్‌లు వచ్చాక ఇచ్చే మనిషి కళ్ళ ముందు లేకుండా పోయాడు, మాట కూడా మారింది. "జీతం పడిందా?" తెలంగాణలో రైతుబంధు మొదలైన 2018 వానాకాలంలో ఎకరానికి 4,000 చొప్పున చెక్కులు రాసి రైతుల చేతికే ఇచ్చారు. అప్పుడు ఊళ్ళల్లో మాట చెక్కులు ఇచ్చుడు, తీసుకునుడు గురించే. ఆ తర్వాత విడతల నుంచి డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాల్లో వేయడం మొదలయ్యాక, "పైసలు పడ్డయా?" అన్నది పలకరింపు అయిపోయింది. స్కాలర్‌షిప్పులు, గ్యాస్ సబ్సిడీ లాంటివీ ఇప్పుడు పడేవే. వాన కోసం ఆకాశం వైపు చూసినట్టే మెసేజ్ కోసం ఫోన్ వైపు చూస్తాం కాబట్టి ఈ మాట ఇక్కడ బాగా అతికింది. ఎవరూ కమిటీ వేసి తయారుచేసింది కాదు, జనం నోట అదే కుదురుకుంది.

సినిమా హాల్లో బొమ్మ పడటం కూడా ఇలాంటిదే, తెర మీద వెలుగు వచ్చి వాలుతుంది. రీలు పోయి డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చినా షోలు పడుతూనే ఉన్నాయి.

ఇక అక్షింతలు. "వాడి నెత్తిన అక్షింతలు పడ్డాయి" అంటే పెళ్ళయిందని. "ఆఫీసులో అక్షింతలు పడ్డాయి" అంటే పైఅధికారి చేత గట్టిగా చీవాట్లు తిన్నాడని. మాటలు అవే, వరసా అదే, సందర్భాన్ని బట్టి పచ్చతోరణమో బిక్కమొహమో కళ్ళ ముందుకొస్తుంది. రెండు చోట్లా మనిషి తల వంచుకునే ఉన్నాడు, పైనుంచి ఇతరులు వేస్తున్నారు. పెళ్ళిలో మూడు ముళ్ళూ పడతాయి, బడిలో తన్నులూ పడతాయి.

దారి మాట ఇంకా చిత్రంగా ఉంటుంది. కుర్రాడు కొన్నాళ్ళు ఖాళీగా తిరిగి ఏదో ఉద్యోగంలో కుదురుకుంటే "దారిలో పడ్డాడు" అని ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. ఫ్యాక్టరీ మూతపడి కుటుంబాలకు కుటుంబాలు ఆధారం కోల్పోతే "రోడ్డున పడ్డారు" అంటాం. దారి అన్నా రోడ్డన్నా ఒకటే కదా అని వాదించి లాభం లేదు. దారి అనేది నడక, ఒక వరస. రోడ్డు, వీధి అనేవి ఇంటి బయట చోట్లు. దేంట్లో పడ్డామన్న దాన్ని బట్టి అది బాగుపడటమో పాడైపోవడమో తేలుతుంది, పడు మాత్రం మంచికీ చెడుకీ పూచీ తీసుకోదు. బాగుపడు, జబ్బుపడు అని రెంటికీ అదే క్రియ అతుకుతుంది. గాడిలో పడ్డా, మంచాన పడ్డా అంతే.

మనసుకు సంబంధించిన మాటల దగ్గర ఈ క్రియ అసలు పనితనం కనిపిస్తుంది. భయం, సిగ్గు, కోపం, దిగులు, ఆశ, ఇష్టం, ఇవన్నీ తెలుగులో రెండు రకాలుగా చెప్పొచ్చు. "నాకు భయం వేసింది" అనొచ్చు, "నేను భయపడ్డాను" అనొచ్చు. "నాకు కోపం వచ్చింది" అనొచ్చు, "నేను కోప్పడ్డాను" అనొచ్చు. మొదటి రకంలో మనిషి నాకు, వాడికి అంటూ పక్కన నిలబడి ఉంటాడు, భయమే ఎక్కడినుంచో వచ్చి వేస్తుంది. రెండో రకంలో మనిషే వాక్యానికి కర్త. కర్త అయ్యాడు గానీ చేసిందేమీ లేదు, అనుభవించాడు. అయినా అందులో అతని పాలు కొంత ఉంది. ఎలా చెప్పగలం? భయపడకు అని చెప్పగలం, భయం వెయ్యకు అని చెప్పలేం. కంగారుపడకు, బాధపడకు, తొందరపడకు, టెన్షన్ పడకు, ఇలా ఎదుటి మనిషిని ఆపడానికి వీలున్న మాటలు చాలావరకు పడుతో చేసినవే. భయం రావడం మన చేతిలో లేదు, వచ్చిన భయానికి లొంగడం కొంతవరకు మన చేతిలో ఉంది అన్న తేడాను ఈ భాష ఇంత చిన్న క్రియలో పెట్టేసుకుంది. కోప్పడటం అయితే ఇంకో అడుగు ముందుకేసింది. కోపం లోపలే దాచుకున్నవాడు కోప్పడినట్టు కాదు, నోరు తెరిచి నాలుగు మాటలంటేనే "నాన్న కోప్పడ్డారు" అంటాం.

కష్టపడు కూడా ఇక్కడే అర్థమవుతుంది. కష్టం వచ్చింది అంటే ఆపద. కష్టపడ్డాడు అంటే శ్రమ చేశాడు. "కష్టపడి చదువు" అని పిల్లలకు చెప్పేటప్పుడు బాధలు అనుభవించమని కాదు, శ్రమను ఒళ్ళు వంచి ఓర్చుకోమని. పనిని చేతి నైపుణ్యంగా కాక ఒంటి మీద పడే బరువుగా చూసిన మాట ఇది, నాట్లు వేసే వాళ్ళ నడుములోంచి పుట్టినట్టుంటుంది. "కష్టపడి పైకొచ్చాడు" అన్న వాక్యంలో మనిషి పడుతూనే పైకి వస్తాడు.

దీనికి జోడీ పెట్టు అనే క్రియ. భయపెట్టు, బాధపెట్టు, కష్టపెట్టు, ఇబ్బందిపెట్టు. పెట్టేవాడు ఒకడుంటాడు, పడేవాడు ఇంకొకడుంటాడు. మాట పడటం అన్నది ఈ వరసలోకే వస్తుంది, దాని గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. "నాలుగు మాటలు పడితే పోయేదేముంది", "పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాడు" అని తెలుగు ఇళ్ళల్లో ఎన్ని తరాలుగా చెబుతున్నారో, ఆ చెప్పడం ఎక్కువగా ఎవరికో కూడా అందరికీ తెలుసు. కొత్తగా కాపురానికి వెళ్ళిన అమ్మాయికి, చిన్న ఉద్యోగికి, ఆశ్రయం కోసం ఒకరింట్లో పడి ఉన్న బంధువుకి. మాటలన్నవాడి సంగతి ఆ సామెతలో ఎక్కడా రాదు. చేసినవాణ్ణి వాక్యంలోంచి తప్పించే గుణం పడులో ఉంది కదా, వాన గురించి, చీకటి గురించి చెప్పేటప్పుడు అది హాయిగా ఉంటుంది, మనిషి మనిషిని అన్న మాటల దగ్గర మాత్రం అది అన్నవాడికి చాటు అవుతుంది. "ఆమె మాటలు పడింది" అని విన్నప్పుడు ఎవరన్నారు అని అడగడం తప్పేమీ కాదు. "మాట పడేది లేదు" అని ఇప్పుడు చాలామంది అమ్మాయిలు అదే క్రియను వ్యతిరేకంలో వాడుతున్నారు, అది వినడానికి బాగుంటుంది.

వ్యతిరేకం అంటే గుర్తొచ్చింది, కొన్ని అర్థాల్లో ఈ క్రియ పడదు, పడలేదు అన్న రూపంలోనే బతుకుతోంది. నాకు వంకాయ పడదు, ఏసీ పడదు, కొత్త ఊరి నీళ్ళు పడలేదు, తోటికోడళ్ళిద్దరికీ పడదు. సరిపడే మనుషుల గురించి చెప్పాలంటే "వాళ్ళిద్దరికీ బాగా పడుతుంది" అని మనం సాధారణంగా అనం, కుదిరింది అనో బాగా కలిసిపోయారు అనో అంటాం. ఒంటికి, మనసుకు సరిపోనప్పుడే ఈ పడు బయటికొస్తుంది.

కొంత వ్యాకరణం లేకుండా ఈ కథ పూర్తి కాదు. భయపడు, సిగ్గుపడు అన్నప్పుడు ప ప గానే ఉంది. కనబడు, వినబడు, నిలబడు, తిరగబడు అన్నప్పుడు బ అయింది. పేరు, అంటే నామవాచకం, పక్కన చేరితే ఎక్కువగా ప నిలుస్తుంది. క్రియ పక్కన చేరినప్పుడు ఆ క్రియ చివర వెనకటికి ఒక న్ ఉండేది, వినన్, కనన్, నిలువన్ అన్నట్టు. ఆ న్ తగిలి ప కాస్తా బ అయింది. బడిలో సరళాదేశ సంధి అని చదివింది ఇదే, 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణంలోనూ ఉంది. తర్వాత న్ అరిగిపోయి వినంబడు వినబడు అయింది, నిలువంబడు నిలబడు అయింది. నిలబడటంలో కూడా పడటం ఉందంటే మొదట నమ్మబుద్ధి కాదు, కానీ ఆ బడు ఈ పడే. బోరు దగ్గర నిలబడినవాడూ, బోరులో పడిన నీళ్ళూ ఒకే క్రియ కింద ఉన్నారు.

చేయబడు, ఇవ్వబడు అని బోర్డుల మీద కనిపించేదీ ఇదే బడు. "ఇల్లు అద్దెకు ఇవ్వబడును", "ఇచ్చట పంక్చర్లు వేయబడును", "అతిక్రమించినవారు శిక్షింపబడుదురు". ఆ ఇంటావిడను పలకరిస్తే "పై పోర్షన్ అద్దెకిస్తాం" అంటుందే తప్ప ఇవ్వబడును అని నోరు జారి కూడా అనదు. పదో తరగతిలో కర్తరి వాక్యాన్ని కర్మణిలోకి మార్చమని అడిగితే "రామునిచే రావణుడు చంపబడ్డాడు" అని రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా బయటికొచ్చి రాముడు రావణుణ్ణి చంపాడనే చెబుతారు. ఇలాంటి వాక్యం పాత కావ్యాల్లో లేకపోలేదు, అది పూర్తిగా ఇంగ్లిష్ చదువుతో వచ్చిందనడం సరికాదు. కానీ మాట్లాడే తెలుగుకు దాని అవసరం పెద్దగా పడలేదు. దెబ్బలు పడ్డాయి, తిట్లు పడ్డాయి, ఓట్లు పడ్డాయి, కేసు పడింది, ఇలా పేరు పక్కన పడు పెట్టుకుని కర్త లేకుండా చెప్పే సులువైన దారి మనకు ముందే ఉంది. అలాంటప్పుడు కొట్టబడ్డాడు, తిట్టబడ్డాడు అని ఎందుకు అంటారు? ప్రభుత్వ ప్రకటనలు, అనువాదాలు రాసేవాళ్ళు ఈ ఒక్క సంగతి గమనించుకుంటే ఆ రాతలు చదివేవాళ్ళ బాధ చాలా తగ్గుతుంది. "నిందితుడు అరెస్టు చేయబడ్డాడు" అనే వాక్యానికి "నిందితుణ్ణి అరెస్టు చేశారు" అన్నది ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

పడు సంతానం ఇంకా పెద్దది. చెడు నుంచి చేటు వచ్చినట్టే పడు నుంచి పాటు వచ్చింది, ముందున్న మాటను బట్టి బాటు అని, వాటు అని కూడా మారింది. ఏర్పడితే ఏర్పాటు, పొరపడితే పొరపాటు, తడబడితే తడబాటు, తోడ్పడితే తోడ్పాటు, కట్టుబడితే కట్టుబాటు, ఉలికిపడితే ఉలికిపాటు, అలవడితే అలవాటు. అందరూ తేలిగ్గా అనేసే "అలవాటులో పొరపాటు"లో పడు రెండుసార్లు ఉంది. "పొట్టకూటి కోసం పడరాని పాట్లు పడ్డాడు" అన్నదాంట్లో మూడుసార్లు, ఒకదాని పక్కన ఒకటి. తెలంగాణ ఉద్యమం నడిచిన రోజుల్లో ఒక పక్షం రాష్ట్ర ఏర్పాటు అంటే, వ్యతిరేకించినవాళ్ళు వేర్పాటువాదం అన్నారు. ఏర్పడు, వేర్పడు, రెండూ పడు పిల్లలే, రెంటికీ తేడా ఒక్క అక్షరం. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది అని ఇప్పుడు రెండు వైపులా ఒకటే క్రియ వాడుతున్నారు.

పక్క భాషల్లోనూ ఈ క్రియ ఉంది. తమిళంలో ఆశపడటం, కష్టపడటం మనలాగే పడుతోనే చెబుతారు, కన్నడం, మలయాళం కూడా అంతే, మలయాళంలో అది పెడు అయింది. కానీ మామూలుగా కింద పడటానికి తమిళులు విళు అంటారు, కన్నడిగులు బీళు అంటారు. కింద పడటానికీ, మనసు పడటానికీ రోజువారీ మాటల్లో ఒకే క్రియను ఉంచుకున్నది మనమే. పొద్దు పడే దిక్కు పడమర కావడం మాత్రం ఒక్క తెలుగు సంగతి కాదు. ఉడుపి దగ్గర సముద్రం ఒడ్డున పడుబిద్రి అనే ఊరుంది, దానికి తూర్పుగా లోపలికి మూడబిద్రి ఉంది. పడు అంటే అక్కడ పడమర, మూడు అంటే తూర్పు. ఊరి పేరులోనే పొద్దు పడుతోంది.

ఈమధ్య ఈ క్రియకు ఇంకో కొమ్మ చిగురించింది. పడవేయు అరిగి పడేయ్ అయ్యాక, ముందు అది పారేయడానికి, తర్వాత ఏ పనైనా ఒక్క దెబ్బతో తేల్చేయడానికి పనికొచ్చింది, చెప్పి పడేశాడు, రాసి పడేశాడు అని. ఇప్పుడు పాటకు డాన్స్ అదరగొట్టినా, చివరి ఓవర్లో సిక్సర్లు కొట్టినా, హైదరాబాద్ కుర్రాళ్ళు "ఇచ్చిపడేశిండు" అంటున్నారు. ఎవరికిచ్చాడు, ఏమిచ్చాడు అని అడగరు. అన్నాళ్ళూ పడేవాడి వైపు నిలబడిన క్రియ ఇక్కడ పడేసేవాడి వైపుకి వచ్చింది, పైగా అది మెచ్చుకోలు కూడా.